విజ్ఞప్తి రాస్తున్న చెల్లెమ్మకి

విజయనగరం

చిరంజీవి చెల్లెమ్మకి ఆశీస్సులు.

ఇంటర్న్‌షిప్‌కి (చదువులో భాగంగా ఏదైనా సంస్థలో కొన్నాళ్ళు చేసే పనికి) వెళ్ళే పేద విద్యార్థులకి స్టైపెండ్, అంటే నెలనెలా ఖర్చులకి డబ్బు, ఇవ్వడానికి విరాళాలు అడుగుతూ మీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం కోసం నువ్వు రాసిన విజ్ఞప్తి అందింది. మొదటి పేరా మొత్తం కొట్టేశాను, కోప్పడకు. "విద్యాదానం మహాదానం" అని మొదలుపెడితే చదివేవాడు ఓ దణ్ణం పెట్టి పక్కన పడేస్తాడు. దాతకి కావలసింది పొగడ్త కాదు, తన డబ్బు ఎవరి చేతికి, ఏ రోజున చేరుతుందన్న సంగతి. "మీ సాయం పేద విద్యార్థుల బతుకుల్లో వెలుగు నింపుతుంది" అన్న వాక్యం తీసేసి, "మీరు 10,000 ఇస్తే ఒక విద్యార్థికి నెలకి 5,000 చొప్పున రెండు నెలలు అందుతుంది" అని రాసి చూడు.

నీ పాఠకుల్లో చాలామంది చదివినప్పుడు డిగ్రీలో ఇంటర్న్‌షిప్ అన్న మాటే లేదు. 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్ళకి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. పనికి వెళ్ళడం తప్పనిసరి అయింది గానీ, చేసిన పనికి డబ్బివ్వడం తప్పనిసరి కాలేదు. నీ విజ్ఞప్తి అంతా ఈ ముక్క మీదే నిలబడాలి.

తర్వాత ఖర్చు. మందస కుర్రాడికి పైడిభీమవరం మందుల కంపెనీలో రెండు నెలలు దొరికిందనుకో. రోజూ వెళ్ళి రావడం కుదిరే పని కాదు. గదికి అడ్వాన్సు, అద్దె, మెస్సు, బస్సు ఛార్జీలు. వీటి పక్కన ఎవరూ రాయని పద్దు ఇంకొకటుంది: ఆ వేసవిలో పలాస జీడి బట్టీలోనో, పెళ్ళి క్యాటరింగులోనో వచ్చే కూలి పోతుంది. ఈ అంకెలు నువ్వు ఊహించి రాయకు. నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, పద్దు పద్దుగా అడిగి రాసుకో.

అసలు కదపకుండా వడ్డీ మాత్రమే ఖర్చుపెట్టే మూలనిధి గురించి "శాశ్వత నిధి" అని ఒక్క మాటతో తేల్చేశావు. లెక్క చూపించు. 10 లక్షలు 6.5 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 65,000. మనిషికి 10,000 చొప్పున ఆరుగురు, పైన 5,000 మిగులు. వడ్డీ తగ్గితే ఆరుగురు ఐదుగురవుతారు. అది కూడా రాయి, నమ్మకం పెరుగుతుంది.

ఇలాంటి పథకాలు ఎక్కువగా చెడేది దాతల దగ్గర కాదు, చెల్లింపు దగ్గర. సర్టిఫికెట్ తెచ్చాక స్టైపెండ్ ఇస్తామంటే గది అడ్వాన్సు ఎవరు కట్టాలి? కుర్రాడు మొదటి వారమే తిరిగొచ్చేస్తాడు, లేదా పనికి వెళ్ళకుండా కాగితం మాత్రం సంపాదిస్తాడు. అందుకే మొదటి నెల డబ్బు కుర్రాడు పనిలో చేరకముందే, రెండో నెలది హాజరు చూసి, నేరుగా విద్యార్థి ఖాతాలో వెయ్యాలి. ఎప్పుడో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా వాడుకలో ఉందో లేదో ముందే చూసుకోమను. సంఘం దీనికి ఒప్పుకున్నాకే విజ్ఞప్తిలో రాయి.

పన్ను మినహాయింపు అని పెద్దక్షరాలతో పెట్టావు. సంఘానికి 80జీ రిజిస్ట్రేషన్, అంటే దాతలకి ఆ మినహాయింపు దక్కేలా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు, ఉందా? ఉన్నా, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి దక్కదు. పాత విధానంలోనూ నగదు 2,000 దాటితే దక్కదు. అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతి మరీ చిక్కు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత డబ్బు పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం, దానికి వేరే అనుమతి ఉండాలి. రాసే ముందు ఆడిటర్‌కి చూపించు.

అన్నట్టు, రాజాం 2022 ఏప్రిల్ నుంచి మన జిల్లాలో ఉంది. శ్రీకాకుళం జిల్లా అని రాశావు, దిద్దాను.

పిల్లల ఇంటి గోడలూ, రేకులూ ఫొటోలు తీయకు. పని బల్ల దగ్గర తియ్యి, అదీ వాళ్ళని అడిగి. సవరించిన ప్రతితో పాటు ఆ నలుగురి లెక్కల కాగితం కూడా పంపు.

మీ అన్నయ్య