అమ్మ కడుపులో ఉన్నప్పటి కరువు వల్లే అన్నకు షుగర్ వచ్చిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 28. మియాపూర్‌లో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడు నాకు ఐదో నెల. మా అన్నకు 32 ఏళ్లు. సన్నగా ఉంటాడు, సిగరెట్, మందు అలవాట్లు లేవు. మొన్న ఆఫీసు హెల్త్ చెకప్‌లో షుగర్ బయటపడింది. అప్పటి నుంచి మా అమ్మ మనసు మనసులో లేదు. అన్న కడుపులో ఉన్నప్పుడు పాలమూరు దగ్గర మా ఊళ్లో కరువట. గట్కతో పూట గడిచేదట. తొమ్మిదో నెల దాకా కూలికి పోయిందట. అన్న పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేడట. 'నేను సరిగా తినకనే వాడికి ఈ రోగం' అని ఏడుస్తోంది. ఇది నిజమేనా? ఇక్కడ అత్తమ్మ ఇద్దరి కోసం తినమంటోంది. పక్కింటి ఆంటీ ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై ఆపరేషన్ అవుతుందంటోంది. నా బిడ్డకు ఇలాంటివి రాకుండా నేనేం చేయాలి?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు మీ అమ్మగారి సంగతి. తొమ్మిదో నెల దాకా కూలికి పోవడం, గట్కతో పూట గడపడం ఆవిడ కోరి చేసినవి కావు. వానల్లేవు, ఇంట్లో గింజల్లేవు. ఆ రోజుల్లో రెండు కిలోలైనా లేని పసివాణ్ని దక్కించుకోవడమే గొప్ప. ఆవిడ దక్కించుకుని, చదివించి, ఉద్యోగస్తుణ్ని చేశారు. మీ అన్నగారి షుగర్‌లో ఆవిడ తప్పు లేదు. ఈ నాలుగు మాటలూ దయచేసి ఆవిడకు చదివి వినిపించండి.

ఇక కడుపులో ఉన్నప్పటి తిండికీ, ముప్పై నలభై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బుకూ సంబంధం ఉందా అంటే, ఉంది. దీన్ని ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు బలంగా ముందుకు తెచ్చారు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో 1911 నుంచి ప్రతి బిడ్డ బరువునూ ఆరోగ్య కార్యకర్తలు రిజిస్టర్లలో రాసి పెట్టారు, పుట్టినప్పుడు ఒకసారి, ఏడాది నిండాక మరోసారి. ఆ రిజిస్టర్లలోని మగవాళ్లు పెద్దయ్యాక ఏమయ్యారో బార్కర్ బృందం వెతికి, ఆ వివరాలు 1989లో ప్రచురించింది. ఏడాది వయసుకు తక్కువ బరువున్నవాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువగా కనిపించాయి. అప్పటిదాకా గుండెజబ్బు అంటే నడివయసులో తిన్న నూనె, కాల్చిన సిగరెట్ అనే లెక్క. ఆ లెక్క ఇంకా ముందు నుంచి మొదలవుతుందని అప్పుడు తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతానికి తిండి అందకుండా పోయింది. మనిషికి రోజుకు వెయ్యి కేలరీలు కూడా లేని నెలలవి. అప్పుడు తల్లి కడుపులో ఉన్నవాళ్లను యాభై ఏళ్ల వయసులో పరీక్షిస్తే, ఒంట్లోకి చేరిన చక్కెరను సర్దుకునే శక్తి వాళ్లలో తక్కువగా ఉంది. ఇందులో ఒక సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. గర్భం తొలి నెలల్లో మాత్రమే కరువు చూసినవాళ్లు మామూలు బరువుతోనే పుట్టారు. అయినా పెద్దయ్యాక వాళ్లలో గుండెజబ్బు ఎక్కువగానే కనిపించింది. కాబట్టి పుట్టినప్పుడు మూడు కిలోలుంటే అంతా బాగున్నట్టేనని అనుకోలేం. కడుపులో జరిగినదాన్ని బరువు కొంతవరకే చెబుతుంది.

లోపల జరిగేది ఇదీ. నెలాఖరున చేతిలో డబ్బు తగ్గిన ఇల్లాలు ముందు బియ్యం, అద్దె చూసుకుని మిగతా ఖర్చులు వాయిదా వేసినట్టే, తిండి తక్కువ అందిన పిండం ముందు మెదడుకు రక్తం పంపుతుంది. కండ, కాలేయం, పాంక్రియాస్, కిడ్నీలు వెనక వరసలో నిలబడతాయి. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు తక్కువగా ఏర్పడతాయి. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ల సంగతి ఇంకా కచ్చితం. అవి దాదాపు 36 వారాల లోపే ఏర్పడిపోతాయి, ఆ తర్వాత మనిషి జీవితంలో కొత్త నెఫ్రాన్ ఒక్కటి కూడా పుట్టదు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు అవి తక్కువ ఉంటాయి. ఉన్నవే ఎక్కువ పని చేయాలి కాబట్టి వయసు మీద పడేకొద్దీ బీపీ, కిడ్నీ సమస్యలకు అవకాశం పెరుగుతుంది. అవకాశం అంటే అదే రాసిపెట్టి ఉందని కాదు. ఆ ఏడాది పాలమూరులో పుట్టిన పిల్లలందరికీ షుగర్ రాలేదు కదా. వంశపారంపర్యం, తర్వాతి తిండి, కూర్చుని చేసే ఉద్యోగం, నిద్ర కూడా వచ్చి తోడవ్వాలి.

సన్నగా ఉన్నవాడికి షుగర్ ఎలా వచ్చిందన్న అనుమానానికి మన దేశంలోనే జవాబు దొరికింది. పుణేలోని కేఈఎం ఆస్పత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990లలో చుట్టుపక్కల పల్లెల గర్భిణులను, వాళ్లకు పుట్టిన పిల్లలను గమనించడం మొదలుపెట్టింది. అక్కడి శిశువులు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్ శిశువులు 3.5 కిలోలు. ఆ తేడా కండలోనూ అవయవాల్లోనూ పడింది గానీ చర్మం కింది కొవ్వులో అంతగా పడలేదు. మన పిల్లలు చూడటానికి సన్నగా ఉన్నా, ఆ ఒంటికి మించిన కొవ్వుతో పుడుతున్నారు. కండ తక్కువైతే రక్తంలోని చక్కెరను వాడుకునే చోటు తక్కువైనట్టే.

ఇప్పుడు మన ఊరి సంగతి చెబుతాను. దీనికి రావాల్సినంత ప్రచారం రాలేదు. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెలను తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్, ఎంచుకుంది. వాటిలో 15 ఊళ్లకు అప్పటికే అంగన్‌వాడీ వచ్చింది, 14 ఊళ్లకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకూ, ఆరేళ్ల లోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టేవారు. గర్భిణికి రోజుకు దాదాపు 500 కేలరీలు, బిడ్డకు 300. మందు లేదు, ఇంజెక్షన్ లేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక, 2003–05లో మళ్లీ వెళ్లి పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. వాళ్లలో ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్ ఉన్నా ఒంటి మీద సరిగా పనిచేయకపోవడం, దాదాపు 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. బీపీ, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు, అదీ చెప్పాలి. అయినా ఒక పూట ఉప్మా పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనిపించిందంటే, పుట్టక ముందు తిండి ఎంత పని చేస్తుందో చూడండి. మీ అమ్మగారి ఊళ్లో ఆ ఏడు అలాంటి పూట ఒకటి అందాల్సింది. అందకపోవడం ఆవిడ చేతిలో లేదు.

ఇప్పుడు మీ విషయం. మీ ఇంట్లో నడుస్తున్న రెండు సలహాలూ సరైనవి కావు. ఇద్దరి కోసం తినక్కర్లేదు. ఐదో నెల నుంచి రోజుకు అదనంగా కావాల్సింది దాదాపు 350 కేలరీలని ఎన్ఐఎన్ లెక్క. ఒక జొన్నరొట్టె, కప్పు పప్పు, ఉడికించిన గుడ్డు ఒకటి కలిస్తే ఇంచుమించు అంత అవుతుంది. ఆంటీ మాట మాత్రం వినకండి. ఆపరేషన్ తప్పించుకోవాలని కడుపు మాడ్చుకుని వచ్చే గర్భిణులను ఓపీలో ఇప్పటికీ చూస్తున్నాను, బాధేస్తుంది. బిడ్డ మరీ పెద్దదవడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం తల్లి ఒంట్లో అదుపులో లేని షుగర్. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. ఆ చక్కెరనంతా బిడ్డే సొంత ఇన్సులిన్‌తో సర్దుకోవాలి. అలా ఎక్కువగా తయారైన ఇన్సులిన్ బిడ్డకు కొవ్వు పెంచుతుంది. అలాంటి పిల్లలకు కూడా పెద్దయ్యాక ఊబకాయం, షుగర్ ముప్పు ఎక్కువే. తిండి చాలకపోయినా, చక్కెర ఎక్కువైనా చివరికి చేరేది అక్కడికే. మన హైదరాబాద్ ఇళ్లలో ఈ రెండూ ఒకే కుటుంబంలో కలుస్తున్నాయి. కరువులో పెరిగిన అమ్మ, ఆఫీసు కుర్చీలో కూర్చున్న కూతురు.

అందుకే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష మీకు తప్పనిసరి. మొదటి చెకప్‌లో చేశారో లేదో ఫైల్ తీసి చూడండి. చేయకపోతే ఈ వారమే చేయించుకోండి. చేసి ఉంటే 24–28 వారాల మధ్య మళ్లీ చేయాలి. 140 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే గర్భంతో వచ్చిన షుగర్ కింద లెక్క. ఇంకో పని, మీరు పుట్టినప్పుడు ఎంత బరువున్నారో అమ్మగారిని అడిగి మీ డాక్టర్‌కు చెప్పండి. తక్కువ బరువుతో పుట్టిన ఆడపిల్లలకు గర్భంలో షుగర్ వచ్చే అవకాశం కాస్త ఎక్కువ.

హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గకూడదు. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తోందా? చాలామంది సిగ్గుపడి చెప్పరు. అది ఐరన్ తక్కువైందనడానికి గుర్తు కావచ్చు, చెప్పండి. ఐరన్ మాత్ర టీతోనూ పాలతోనూ వేసుకుంటే ఒంటికి పట్టదు, గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. మలం నల్లగా రావడం మామూలే, భయపడి మానేయొద్దు. శాకాహారులైతే విటమిన్ బీ12 తప్పకుండా చూపించుకోండి. పుణే అధ్యయనంలోనే, బీ12 తక్కువగా, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రలో ఉండే విటమిన్) ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎక్కువగా కనిపించింది. దీనర్థం ఫోలిక్ యాసిడ్ ఆపేయమని కాదు, బీ12 లోటు ఉంటే దాన్ని కూడా పూడ్చుకోమని.

పొద్దున ఏమీ తినకుండా క్యాబ్ ఎక్కి, పదకొండుకు టీ బిస్కెట్లతో సరిపెట్టుకునే అలవాటుంటే ఈ రోజే మానేయండి. శ్రావణ శుక్రవారం ఉపవాసాలు ఈ ఏడాదికి వద్దు. అమ్మవారు ఏమీ అనుకోదు. తోటకూర పప్పు, మునగాకు, పల్లీలు, పెరుగు, తినేవాళ్లయితే గుడ్డు, చేప మన ఇళ్లలో దొరికేవే. మీవారు సిగరెట్ తాగితే బాల్కనీలో తాగడం కాదు, మానేయాలి. పొద్దున టిఫిన్ బాక్స్ ఆయన కట్టివ్వొచ్చు. కడుపులో బిడ్డ ఆరోగ్యం అనగానే ఇంటిల్లిపాదీ గర్భిణికి సలహాలిస్తారు గానీ, ఆమె పని ఎవరూ అందుకోరు. బిడ్డకు ఏం జరిగినా 'నువ్వేం తిన్నావు' అని ఆమెనే అడుగుతారు. మీ అమ్మగారు ముప్పై రెండేళ్ల తర్వాత కూడా ఏడుస్తున్నది అందుకే.

పుట్టాక మొదటి గంటలోనే మీ పాలు పట్టండి. తేనె, చక్కెర నీళ్లు నాకించొద్దు. ఆరు నెలలు తల్లిపాలే. ఆ తర్వాత పెట్టే గుజ్జన్నంలో, రాగిజావలో రెండేళ్ల వరకు చక్కెర, బెల్లం వేయకండి. బ్రిటన్‌లో యుద్ధకాలపు చక్కెర రేషన్ 1953లో ఎత్తేశారు. రేషన్ రోజుల్లో కడుపులో ఉండి, పసితనం గడిపినవాళ్లకు టైప్ 2 షుగర్ (ఎక్కువగా పెద్దయ్యాక వచ్చే రకం) దాదాపు 35 శాతం తక్కువని 2024లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఒకవేళ మీ బిడ్డ తక్కువ బరువుతో పుడితే, మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. సన్నగా ఉన్నాడని మూడేళ్లు, నాలుగేళ్లు వచ్చినా కూర్చోబెట్టి కుక్కుతారు. ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టిన దాదాపు 1,500 మందిని 26–32 ఏళ్ల వయసులో పరీక్షించారు. షుగర్ లేదా దాని ముందు దశలో ఉన్నవాళ్లు రెండేళ్ల లోపు సన్నగా ఉండి, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎత్తుకు తగ్గ బరువులో తోటివారిని దాటుకుంటూ పోయినవాళ్లు. పన్నెండేళ్లకు వాళ్లలో ఒక్కరూ ఊబకాయులు కారు. చూసినవాళ్లు 'ఇప్పుడు కాస్త బొద్దయ్యాడు' అని మెచ్చుకునే ఉంటారు. మొదటి రెండేళ్లు బాగా బరువు పెరగనివ్వండి, ఆ తర్వాత పిల్లవాడి ఆకలినే నమ్మండి. బరువును పక్కింటి పిల్లాడితో పోల్చకండి, టీకాల కార్డులో ఉన్న గ్రోత్ చార్ట్‌తో పోల్చండి.

మీ అన్నగారికి ఏ రకం షుగరో ముందు తేలాలి. ఈ వయసులో, ఈ ఒంటితో వచ్చినప్పుడు టైప్ 2 అని ఊరికే అనుకోకూడదు. సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది), గ్యాడ్ యాంటీబాడీ (ఒంటి రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ కణాలను దెబ్బతీస్తోందేమో చూసేది) పరీక్షల అవసరం గురించి ఎండోక్రినాలజిస్ట్‌ను, అంటే హార్మోన్ల డాక్టర్‌ను, అడగమనండి. పుట్టిన బరువు సంగతి ఆ డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ ఏటా చూపించుకోవాలి. వాకింగ్ ఒక్కటే చాలదు. కండ పెరిగే వ్యాయామం వారానికి రెండు మూడు సార్లు చేయాలి, పప్పు, గుడ్డు, పెరుగు ఎక్కువగా తినాలి. సన్నగా ఉన్నవాళ్లు షుగర్ అనగానే అన్నం మానేసి ఇంకా చిక్కిపోతారు, ఆ పని చేయనివ్వకండి.

మీకు గ్లూకోజ్ పరీక్షలో షుగర్ తేలితే కాన్పు తర్వాత 6–12 వారాల మధ్య మళ్లీ అదే పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత ఏటా ఒకసారి. బిడ్డ పనిలో పడి చాలామంది తల్లులు ఇది మర్చిపోతారు. పదో వారం టీకాకు బిడ్డను తీసుకెళ్లిన రోజే, పరగడుపున వెళ్లి మీ పరీక్ష కూడా పూర్తి చేసుకుని రండి.