ఈసారి ఏ ఆస్పత్రికి?

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. మాది నెల్లూరు. మావారికి ఎరువుల వ్యాపారం. అత్తగారు మా దగ్గరే ఉంటారు, కొడుకూ కోడలూ బెంగళూరులో ఉన్నారు. చిన్నప్పుడు నేనూ మా అక్కా కలిసి సంగీతం నేర్చుకున్నాం. పెళ్ళితో అది ఆగిపోయింది. కరోనా రోజుల్లో ఫోన్లో రంజని–గాయత్రి అక్కచెల్లెళ్ళ కచేరీ విన్నాను. అప్పట్నుంచీ వాళ్ళ పాట వినని రోజు లేదు. ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని వినాలని పోయిన డిసెంబరులో సంగీతోత్సవాలప్పుడు మద్రాసు వెళ్ళాను. ఇంట్లో మాత్రం కంటి ఆస్పత్రికని చెప్పాను. అక్కడ తీసిన వీడియోలో నేను కనబడ్డాను. మా కోడలు సంబరంగా దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ రోజు నుంచి మావారు సరిగా మాట్లాడటం లేదు. గుడికి బయల్దేరినా "ఈసారి ఏ ఆస్పత్రికి?" అంటారు. అత్తగారేమో "పాటలు వినేదానికి మద్రాసు దాకా పోవాల్నా, ఫోన్లో రావడంలా?" అంటున్నారు. మళ్ళీ డిసెంబరు వస్తోంది, నాకు వెళ్ళాలని ఉంది. ఆయన్ని ఒప్పించేదెట్లా? అసలు అడగడమే తప్పా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఇంట్లో ఇప్పుడు రెండు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి పాట గురించి, రెండోది అబద్ధం గురించి. మీవారు రెండింటికీ కలిపి కోప్పడుతున్నారు, మీరు రెండింటికీ కలిపి తలవంచుకుని తిరుగుతున్నారు. ముందు వీటిని విడదీయాలి.

పాట సంగతి చూద్దాం. నెల్లూరు వాళ్ళు మద్రాసు పోవడం ఎప్పుడు వింతయింది? 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మనకు అదే రాజధాని. ఇప్పటికీ గుండె పరీక్షలకు, పెళ్ళి చీరలకు, పిల్లల్ని విమానం ఎక్కించేదానికి అక్కడికే పోతాం. ఆస్పత్రి అంటే ఎవరూ అడ్డుచెప్పరు. చీరలంటే ఇంకో ఇద్దరు తోడు బయల్దేరతారు. పాట అన్నప్పుడే "ఈ వయసులోనా?" అనే మాట వస్తుంది. అందుకే మీ నోటికి ఆస్పత్రి అంత సులువుగా వచ్చింది. మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళు ఒంటరిగా గడప దాటాలంటే ఇంకా ఏదో ఒక జబ్బు కావాల్సి వస్తోంది. అబద్ధాన్ని వెనకేసుకురావడానికి ఈ మాట అనడం లేదు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకూ మీవారికీ తెలియాలని అంటున్నాను. (నిజమైన కంటి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో మాత్రం రాయలేదు. నలభై దాటాక కంట్లో ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి. గ్లాకోమా చాలాసార్లు నొప్పి లేకుండానే చూపు తింటుంది. దానికి మద్రాసు అక్కర్లేదు, నెల్లూరులోనే చేస్తారు.)

మీ అత్తగారి ప్రశ్నకు కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పండి. ఫోన్లో పాట వస్తుంది, కచేరీ రాదు. రాగం పాడేటప్పుడు ఒకామె ఒక సంగతి, అంటే ఒక స్వరాల మలుపు, వేసి ఆపితే రెండో ఆమె దాన్ని అందుకుని ఇంకోవైపు తీసుకుపోతుంది. అప్పుడు ఇద్దరి మధ్యా నడిచే చూపును కెమెరా చూపిస్తే చూపిస్తుంది, లేకపోతే లేదు. పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే తనిఆవర్తనం మొదలయ్యాక హాలంతా తొడల మీద తాళం వేస్తుంది. తమిళుల మధ్య కూర్చుని త్యాగయ్య తెలుగు వింటుంటే మనసెట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్దావిడకు భక్తి ఉంటే గాయని బెంగళూరు నాగరత్నమ్మ సంగతి చెప్పి చూడండి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి సొంత ఆస్తితో గుడి కట్టించింది ఆమే. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వని రోజులవి. "పాట కోసం అంత దూరమా?" అని ఆమెనూ ఎవరో ఒకరు అనే ఉంటారు.

మీ అక్కగారి గురించి ఒక్క వాక్యం రాసి దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. మీరు విడవకుండా వింటున్నది కూడా ఇద్దరు అక్కచెల్లెళ్ళ గొంతులే. ఆమె ఇప్పుడెక్కడున్నారో నాకు తెలియదు. రాగల స్థితిలో ఉంటే ఈసారి రెండు టికెట్లు కొనండి.

ఇక అబద్ధం. ఇందులో నేను మీవారి పక్షమే. పంట చేతికొచ్చాక ఇస్తామన్న మాట మీద రైతులకు అరువిచ్చే వ్యాపారం ఆయనది. మాట తప్పిన వాళ్ళను ఏటా చూస్తూ ఉంటారు, ఇంట్లో చూస్తానని అనుకోలేదు. మీరు తిరిగొచ్చిన రాత్రి "డాక్టరేమన్నాడు?" అని అడిగే ఉంటారు, మీరేదో చెప్పే ఉంటారు, ఆయన నమ్మే ఉంటారు. ఇప్పుడు ఆయన తలుచుకునేది కచేరీని కాదు, ఆ రాత్రిని. పైగా నిజం ఆయనకు మీ నోటి నుంచి తెలియలేదు, బావమరుదులూ తోడల్లుళ్ళూ చూస్తున్న గ్రూపులో తెలిసింది. అందరి ముందూ అమాయకుడయ్యానన్న ఉక్రోషమే ఆ ఎత్తిపొడుపు.

కాబట్టి క్షమాపణ చెప్పండి, ఆ ఒక్కదానికే. ఇద్దరే ఉన్నప్పుడు, సూటిగా. "పోనివ్వరేమోనని భయపడి అబద్ధం చెప్పాను. మీరు నా కళ్ళ గురించి దిగులుపడ్డారు. అది నా తప్పు." అక్కడితో ఆపాలి. "మీరు ఏనాడైనా నన్ను ఎక్కడికైనా తీసుకుపోయారా" అనే తోక తగిలించారంటే చెప్పిందంతా వృథా. డిసెంబరు మాటా ఆ రోజు ఎత్తొద్దు. బేరం కోసం క్షమాపణ అడిగినట్టుంటుంది, వ్యాపారికి బేరం ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత కూడా ఎత్తిపొడుపు వస్తే "గుడికి, ఏడింటికి వస్తా" అని మామూలుగా చెప్పి వెళ్ళండి. కన్నీళ్ళు వద్దు, సంజాయిషీ వద్దు.

వారం పది రోజులు పోనిచ్చి డిసెంబరు మాట తీయండి. అప్పుడు మాత్రం బతిమాలొద్దు. ఏ తేదీ, కచేరీ పెట్టేది ఏ సభ, డబ్బు ఎక్కణ్ణుంచి, అత్తగారి మందులూ భోజనం ఎవరు చూస్తారు, అన్నీ ముందే ఏర్పాటు చేసుకుని చెప్పండి. పొద్దున పినాకిని రైల్లో వెళితే మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగుతారు. పేరున్న వాళ్ళ కచేరీ సాయంత్రం మొదలై ముగిసేసరికి పొద్దుపోతుంది, రాత్రికి రాత్రి తిరుగుప్రయాణం పెట్టుకోవద్దు. మైలాపూరు పక్కనో, బంధువుల ఇంట్లోనో రాత్రి ఉండండి. ఆ చిరునామా, నంబరు ఆయన దగ్గర ఉండాలి. పోయినసారి దాచిపెట్టినవన్నీ ఈసారి అడక్కముందే చెప్పడం మీ వంతు.

ఆయన్నీ రమ్మనండి, ఒక్కసారే. రుచి లేని మనిషిని మూడు గంటలు కూర్చోబెడితే పల్లవి దగ్గర గడియారం చూస్తారు, మీకూ పాట దక్కదు. వస్తానంటే సభ క్యాంటీను చూపించండి. డిసెంబరులో పాట కంటే దానికోసమే వచ్చేవాళ్ళు బోలెడుమంది, అందులో సిగ్గేమీ లేదు.

ఇంకోటి. ఈసారి మీరు వెళ్ళే సంగతి బంధువులకు ఆయన నోటి నుంచే తెలియనివ్వండి. "మా ఆవిడ కచేరీకి పోతా ఉంది" అని ఆయన అన్నాక ఆ గ్రూపులో నవ్వేవాళ్ళుండరు.

అన్నీ చేశాక కూడా వద్దంటే? చెప్పి వెళ్ళండి. నాలుగు రోజులు ముఖం ముడుచుకోవడం భరించగలిగేదే. ఫోను లాక్కోవడం, డబ్బు చేతికి రానివ్వకపోవడం, గడప దాటనివ్వకపోవడం లాంటివి ఉంటే మాత్రం అది పాట తగాదా కాదు. అప్పుడు మీ అబ్బాయిని పిలిపించండి, దగ్గర్లోని కుటుంబ సలహా కేంద్రానికి వెళ్ళండి.

మీ కోడలితో ఎలా ఉన్నారో రాయలేదు. ఆ అమ్మాయి చేసింది సంతోషపడటమే, లోపలి సంగతి ఆమెకేం తెలుసు? తన వల్ల ఇల్లు ఇట్లా అయిందని కుములుతూ ఉండొచ్చు. ముందు ఆమెకు ఫోన్ చేయండి. ఆన్‌లైన్లో టికెట్లు కొనడం ఆమెకు చిటికెలో పని. ముందు వరసలు త్వరగా అయిపోతాయి, షెడ్యూలు వచ్చిన రోజే చూడమని చెప్పి పెట్టుకోండి.