లెంటిల్ సలాడ్ ముద్దవ్వకుండా చేయడం ఎలా?

మధ్యధరా తీరపు పద్ధతిలో ఈ లెంటిల్ (మసూర్ గింజల) సలాడ్ చేయబోతే పప్పులా ముద్దవుతోందంటే, తప్పు ఎక్కువగా కుక్కర్‌దే. పొట్టు తీసిన మైసూరు పప్పు దీనికి అస్సలు పనికిరాదు. పొట్టుతో ఉన్న మసూర్ (పొట్టు తీయని మైసూరు పప్పు) ఒక కప్పుకి మూడు కప్పుల నీళ్లు పోసి, గిన్నెలో సన్నమంట మీద 20 నిమిషాలు ఉడికించండి. 15వ నిమిషం నుంచే గింజ నొక్కి చూస్తుండాలి: వేళ్ల మధ్య మెత్తగా నలగాలి, పొట్టు మాత్రం ఊడకూడదు. వెంటనే నీళ్లు వార్చేయండి.

వేడి మీదే మూడు చెంచాల ఆలివ్ నూనె, నిమ్మరసం, కాస్త ఉప్పు కలపండి. చల్లారాక కలిపితే పులుపు లోపలికి అంతగా పట్టదు. తర్వాత కీరా, టమాటా, ఉల్లి ముక్కలు. పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు) దొరక్కపోతే పుదీనా చాలా బాగుంటుంది. ఉప్పగా ఉండే ఫెటా చీజ్ చిదిమి వేస్తే మాత్రం ఉప్పు తగ్గించండి.