సర్జికల్ వార్డులో మొదటి పోస్టింగ్: చదివింది మంచం దగ్గర గుర్తుకు రావాలంటే

మీ ప్రశ్న చదువుతుంటే 17 ఏళ్ళ కిందటి నన్ను నేను చూసుకున్నట్టుంది. నర్సింగ్‌లో చేరి ఏడాది కాలేదు, సర్జికల్ వార్డులో వేశారు, ఆపరేషన్ల పేర్లూ జబ్బుల లక్షణాలూ బట్టీ పట్టి వెళ్తున్నారు, తీరా పేషెంట్ ముందు నిలబడితే ఒక్కటీ గుర్తుకు రావడం లేదు, ఈ చదువు నాకు తగదేమో అని అడిగారు. తగకపోవడం అంటూ ఏమీ లేదు. పుస్తకంలో ప్రతి జబ్బూ ఒకే వరసలో ఉంటుంది: నిర్వచనం, కారణాలు, లక్షణాలు, పరీక్షలు, చికిత్స. మంచం మీద మనిషి ఆ వరసలో పడుకుని ఉండరు. అందుకే అక్కడ మాటలు దొరకవు.

నాకీ సంగతి తెలిసొచ్చింది ఒక థైరాయిడ్ ఆపరేషన్ పేషెంట్ దగ్గర. నడివయసు ఆవిడ. మధ్యాహ్నం థియేటర్ నుంచి వార్డుకి తెచ్చారు, మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. తల కాస్త ఎత్తుగా పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. మెడ మీద డ్రెస్సింగ్ తెల్లగా ఉంది. నేను బీపీ, నాడి చూసి, ‘డ్రెస్సింగ్ పొడిగా ఉంది’ అని చార్టులో రాసేశాను. ఇన్‌చార్జి సిస్టర్ వచ్చి ఆ మాట చదివారు. ఏమీ అనలేదు. గ్లవ్ వేసుకుని ఆవిడ మెడకీ దిండుకీ మధ్య మెల్లగా చెయ్యి దూర్చి బయటికి తీశారు. వేళ్ళ కొసలకి రక్తం.

‘నెత్తురు కూడా పల్లానికే పోతుంది తల్లీ. ఆవిడ వెల్లకిలా పడుకుంటే పల్లం ఎటుంది?’ అన్నారు.

అప్పటికప్పుడు సర్జన్‌ని పిలిచారు. కుట్ల దగ్గర ఓ చిన్న రక్తనాళం, తొందరగానే సర్దుకుంది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. పుస్తకంలో ‘రక్తస్రావం కోసం గమనించాలి’ అని నేనూ చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఎక్కడ చూడాలో మాత్రం నాకు తెలియదు.

మర్నాడు సిస్టర్ ఒక పాత కాగితం వెనక మెడ బొమ్మ గీసి, థైరాయిడ్ పక్కన ఏమేమున్నాయో నా చేతే చెప్పించారు. వెనక గాలిగొట్టం ఉంది. లోపల రక్తం గూడుకట్టి దాన్ని నొక్కితే ఊపిరి ఆడదు, కాబట్టి మెడ బిగుతుగా ఉందంటున్నారా, అస్థిమితంగా కదులుతున్నారా, ఊపిరి తీసేటప్పుడు ఈల లాంటి చప్పుడొస్తోందా చూడాలి. ఈ ప్రమాదం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. అందుకే అత్యవసర సామాను ట్రే మంచం పక్కనే ఉంచుతారు. ఇక గొంతుపెట్టెకి వెళ్ళే నరాలు థైరాయిడ్‌ని ఆనుకునే పోతాయి. వాటికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది, కాబట్టి మత్తు దిగగానే పేరు చెప్పమని అడిగి గొంతు వినాలి. వెనక వైపు పారాథైరాయిడ్ గ్రంథులు, మామూలుగా నాలుగు, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. కాల్షియం వాటి చేతిలో ఉంటుంది. అవి దెబ్బతింటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లలో తిమ్మిరి మొదలవుతుంది. బీపీ కఫ్ బిగించినప్పుడు చెయ్యి కొంకర్లు పోతే అది కాల్షియం తగ్గిన గుర్తు.

చూశారా, నేను వేరుగా బట్టీ పట్టిన కాంప్లికేషన్ల జాబితా మొత్తం ఒక్క బొమ్మలోంచి దానంతటదే వచ్చేసింది. అప్పటినుంచీ నాకు నాలుగే ప్రశ్నలు. ఏం తీశారు, లేదా ఏం కోశారు? దాని పక్కన ఏముంది? ఈ 24 గంటల్లో ఏది చెడొచ్చు? చెడితే నా కంటికి మొదట కనిపించేది ఏమిటి? రోజుకి ఒక్క పేషెంట్‌ని ఎంచుకోండి, ఒక్కరినే. కేస్ షీట్ చదివి, బొమ్మ గీసి, ఈ నాలుగింటికీ జవాబు రాసుకుని, అప్పుడు మంచం దగ్గరికి వెళ్ళండి. పోస్టింగ్ అయ్యేసరికి పాతికమంది మీకు గుర్తుంటారు. పాతిక పేజీలు గుర్తుండటం వేరు, ఇది వేరు.

జబ్బుల విషయంలోనూ ఇదే దారి, కాకపోతే ‘ఎందుకు’ అని ఒక మాట ఎక్కువ అడగాలి. అపెండిక్స్ నొప్పి మొదట బొడ్డు చుట్టూ వచ్చి, కొన్ని గంటల తర్వాత కుడివైపు కిందకి దిగుతుందని మీరు చదివే ఉంటారు. ఎందుకు? లోపలి అవయవాల నరాలకి చోటు కచ్చితంగా చెప్పడం రాదు, అవి వెన్నులో బొడ్డు దగ్గరి చర్మం నరాలు చేరే చోటికే చేరతాయి, అందుకని నొప్పి బొడ్డు దగ్గర ఉన్నట్టు అనిపిస్తుంది. వాపు పెరిగి పొట్ట గోడ లోపలి పొరని తాకాక, ఆ పొర నరాలు చోటు సూటిగా చూపిస్తాయి. ఇది అర్థమైతే ఇంకొకటి కూడా తెలుస్తుంది. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న పేషెంట్ ఉన్నట్టుండి ‘నొప్పి తగ్గిపోయింది సిస్టర్’ అంటే సంతోషపడకూడదు. లోపల బిగిసి ఉన్నది పగిలి ఉండొచ్చు. వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌లో, పిత్తాశయం తీయించుకున్నవాళ్ళు మర్నాడు భుజం నొప్పంటారు, గుండెకేమైనా అయిందేమోనని హడలిపోతారు. ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి డయాఫ్రాన్ని, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని, రేపుతుంది. డయాఫ్రం నరమూ భుజం చర్మం నరాలూ మెడలో ఒకే చోట పుడతాయి కాబట్టి మెదడు భుజం అనుకుంటుంది. ఈ రెండు వాక్యాలు నెమ్మదిగా చెబితే వాళ్ళ ముఖంలో భయం దిగిపోవడం మీరే చూస్తారు. చెప్పే ముందు నాడి, బీపీ, ఆక్సిజన్ చూడండి. చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది గ్యాస్ అని మీరు తేల్చకండి, వెంటనే పిలవండి.

ఇక బేసిక్ స్కిల్స్. మీరు వాటిని ఒక్క ముక్కలో ‘చిన్న పనులు’ అన్నారు. దయచేసి ఆ మాట మనసులోంచి తీసేయండి. శ్వాస లెక్కపెట్టడమే తీసుకుందాం. ఏ వార్డులోనైనా చార్టులు తిరగేస్తే వరసగా 20, 20, 20 అని కనిపిస్తుంది. అంతమంది ఒకేలా ఊపిరి తీస్తారా? పెద్దవాళ్ళలో నిమిషానికి 12 నుంచి 20 మామూలు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతున్నా, రక్తం పోతున్నా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ చేరినా ముందుగా మారేవాటిలో ఇదొకటి. మెషీన్ ఆక్సిజన్ 97 చూపిస్తున్నప్పుడే మనిషి నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తూ ఉండొచ్చు, ఆ 97 అలా కష్టపడి నిలబెట్టుకున్నదే. లెక్కపెడుతున్నానని చెప్పకండి, చెబితే వాళ్ళ ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, చూపు ఛాతీ మీదకి మార్చి, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి.

బీపీ కూడా అంతే. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళు రక్తం పోతున్నా చాలాసేపు బీపీ నిలబెట్టుకుంటారు, ముందు నాడి వేగం పెరుగుతుంది. 80 ఉన్న నాడి 96, తర్వాత 110 అయిందంటే ఒక్కో అంకె విడిగా చూసి ఊరుకోకూడదు, మూడూ కలిపి చదవాలి. మూత్రం బరువుని బట్టి కిలోకి గంటకి 0.5 మిల్లీలీటర్లు రావాలి. 60 కిలోల మనిషికి గంటకి 30 అన్నమాట. అంతకన్నా తగ్గితే ముందు గొట్టం మడత పడిందేమో చూసి, కాకపోతే డాక్టర్‌కి చెప్పాలి. చేతులకి హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. బొటనవేలు, వేళ్ళ కొసలు అందరూ మర్చిపోయే చోట్లు.

థియేటర్ పోస్టింగ్ వచ్చినప్పుడు అందరూ కోత వైపే చూస్తారు. మొదటి వారం మీరు సర్క్యులేటింగ్ నర్సుని, అంటే ఆపరేషన్‌లో చెయ్యి పెట్టకుండా చుట్టూ తిరుగుతూ సామాను అందించే నర్సుని, చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల సర్జికల్ చెక్‌లిస్టు తెచ్చింది: మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ థియేటర్ దాటే ముందు అందరూ ఆగి పైకి చదవాలి. ఎనిమిది నగరాల ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని పెట్టి చూస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. స్పాంజీలూ సూదులూ లెక్కపెట్టే గొంతు విన్నప్పుడల్లా నాకు ఆ అంకెలు గుర్తొస్తాయి. అన్నట్టు, థియేటర్‌లో రబ్బరు గ్లవ్స్ వచ్చింది కూడా ఒక నర్సు వల్లే. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కెరొలైన్ హ్యాంప్టన్ చేతులు క్రిమిసంహారక ద్రావణానికి పుండ్లు పడుతుంటే, సర్జన్ హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చటి గ్లవ్స్ చేయించారు. ఆ తర్వాతే అవి అందరి చేతులకీ ఎక్కాయి.

కళ్ళు తిరుగుతాయేమో అని భయం ఉందన్నారు. ఏదైనా తిని వెళ్ళండి, మోకాళ్ళు బిగించి నిలబడకండి. చెమట పట్టి చూపు మసకబారితే టేబుల్‌కి దూరంగా జరిగి నేల మీద కూర్చోండి. స్టెరైల్ ట్రే మీద పడటం కన్నా అది వెయ్యి రెట్లు నయం, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆపరేషన్ వీడియోలు చూడొచ్చా అని అడిగారు కదా, చూడండి, కానీ పేషెంట్‌ని చూసి వచ్చిన రాత్రి చూడండి. అప్పుడు ప్రతి దృశ్యానికీ మీకు తెలిసిన ఒక మనిషి ఉంటారు. వీడియోలో చూసిన పనిని మాత్రం పక్కన నేర్పేవాళ్ళు లేకుండా ఎవరి ఒంటి మీదా చేయకండి.

మీ వార్డులో ఇప్పుడు ఏ ఆపరేషన్ అయినవాళ్ళు ఉన్నారో కింద రాయండి. పేరు, మంచం నంబరు వద్దు, ఆపరేషన్ ఏదో చెబితే చాలు. పక్కన ఏముందో మీరు గీసుకుని చెప్పండి, మిగతా రెండు ప్రశ్నలకీ కలిసి జవాబు వెతుకుదాం.