కోడి కుంటితే ముందు పెరడు చూడు

చి.ల.సౌ. బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ బంగారుపాళ్యంలో అందరం క్షేమం. నువ్వు పంపిన ఫోటో చూశాను. ఎర్రపెట్ట అరికాలి మధ్యలో నల్లగా, గుండ్రంగా అంటుకుని ఉన్నది మట్టి కాదు. పుండు మీద కట్టిన పక్కు. గోరుతో గీకకు. డాక్టర్లు దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. ఫోన్లో చెబితే ఆఫీసు హడావుడిలో సగం విని సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ఈ పుండు మొదలయ్యేది పెరట్లోనే. ఏదో ముల్లు గుచ్చుకుంటుంది, గాజుపెంకు గీరుతుంది, లేకపోతే గట్టి నేల మీదికి రోజూ దూకి దూకి అరికాలి చర్మం చిట్లుతుంది. ఆ చిట్లిన చోటునుంచి ఎక్కువగా స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. అది కొత్తగా ఎక్కడినుంచో రాదు. మన చర్మం మీదా, కోడి చర్మం మీదా, గూటి మట్టిలోనూ ఉండేదే, దారి దొరికితే చాలు. అందుకే కాలికి మాత్రం మందు రాసి ఊరుకుంటే, కొన్నాళ్లకు రెండో కాలికో, పక్క కోడికో మళ్లీ వస్తుంది. పెరడు మారకపోతే మందుకు ఖర్చే మిగులుతుంది.

ముందు పెట్ట సంగతి చూద్దాం. చీకటి పడ్డాక పట్టుకో. పగలు వెంటపడితే అది బెదిరి ఇంకో చోట దెబ్బ తగిలించుకుంటుంది. పాత తువ్వాలు చుట్టి చంకలో పెట్టుకో, కానీ రొమ్ము నొక్కకు. కోళ్లకు మనలాగా పొట్టకూ రొమ్ముకూ మధ్య విభాజక పటలం ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే చేతిలోనే పోతుంది. అల్లుణ్ణి ఫోను టార్చి పట్టమను. అరికాలు వేడిగా ఉందా, వాచిందా, వేళ్ల మధ్యకు వాపు పాకిందా చూడు. చేతులకు గ్లవ్స్ వేసుకో. ఆ బ్యాక్టీరియా మన చేతి గాయాల్లోకీ వస్తుంది.

పక్కు చిన్నదిగా ఉండి వాపు పెద్దగా లేకపోతే ఇంట్లో చూసుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ కలిపి, పది పదిహేను నిమిషాలు కాలు ముంచి ఉంచు. మెడికల్ షాపులో దొరుకుతుంది. ఆ నీళ్లు మాత్రం తాగనివ్వకు, విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత శుభ్రంగా తుడిచి, బెటాడిన్‌ని నీళ్లలో పలచన చేసి కడుగు. గాజుగుడ్డ పెట్టి, వేళ్ల సందుల్లోంచి అడ్డంగా తిప్పి కట్టు కట్టు. కట్టాక వేళ్లు చల్లబడినా, వాచినా బిగువు ఎక్కువైందని అర్థం, వెంటనే విప్పి వదులుగా కట్టు. కట్టు తడిస్తే ఆ పూటే మార్చు. మానేదాకా ఆ పెట్టను విడిగా, పొడి గడ్డి పరిచిన గంప కింద ఉంచు.

మీ అత్తగారు పసుపు రాయమన్నారన్నావు. రాస్తే రాయి, తప్పులేదు. కానీ కోడి చీము మన చీములా కారిపోదు. లోపలే గట్టిపడి జున్నుముక్కలా గడ్డ కడుతుంది. పైన ఏం రాసినా దాన్ని కరిగించదు. గడ్డ పెద్దదైతే తియ్యాల్సిందే, తీసేది డాక్టరే. బ్లేడు పట్టుకుని ఇంట్లో కోసే వీడియోలు చూసి నువ్వు ఆ పని చేయకు. అరికాల్లో నరాలు, స్నాయువులు ఎముకను ఆనుకునే ఉంటాయి. ఇంకో మాట, మన గాయాలకు వాడే ఆయింట్‌మెంట్లలో నొప్పి తెలియకుండా చేసే మందు కలిసినవి ఉంటాయి. అవి పక్షులకు పడవు, రాయకు.

ఇక పెరడు. మీ ఇల్లు కట్టి ఎన్నాళ్లో కాలేదు. మొన్న వచ్చినప్పుడు చూశాను, ప్రహరీ పక్కన గ్రానైట్ ముక్కలు, టైల్స్ పెంకులు, బైండింగ్ వైరు అలాగే పడి ఉన్నాయి. కోడి కాళ్లతో గీరి తింటుంది కదా, మట్టిలో కప్పబడిపోయిన మేకు కూడా దాని కాలికే ముందు తగులుతుంది. పాడైపోయిన స్పీకరు ఉంటే దాని వెనక ఉండే అయస్కాంతం తీసి, తాడు కట్టి, పెరడంతా నిదానంగా లాగు. మేకులు, వైరు ముక్కలు ఎన్ని అంటుకుంటాయో చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. గాజు, రాయి అయస్కాంతానికి రావు, వాటిని చేత్తో ఏరాల్సిందే. వాన పడిన మర్నాడు ఏరు, పెంకులు తేలి కనిపిస్తాయి. కంచె పక్కన సర్కారు తుమ్మ కొట్టేసినప్పుడు మండలు లోపల పడకుండా చూసుకో. ఎండిన పల్లేరు కాయలు కూడా తక్కువవి కావు.

దారాలు. ఇది ఎవరూ పట్టించుకోరు. శుక్రవారం పూజకు తెచ్చిన పూలమాల వాడాక పెరట్లో పడేస్తారు, పూలు కుళ్లిపోతాయి, దారం మిగులుతుంది. గోనెసంచి పోగులు, తల దువ్వి పారేసిన చిక్కు వెంట్రుకలు కూడా అంతే. అవి కోడి వేలికి చుట్టుకుని, నడిచేకొద్దీ బిగుసుకుంటాయి. పొలుసుల మధ్యలో కనిపించవు. వేలు వాచి, నల్లబడి, చివరికి ఊడిపోతుంది. నీ పెట్టల్లో ఏదైనా ఒక వేలు పైకెత్తి నడుస్తుంటే ముందు దారమేమో చూడు. చిన్న కత్తెరతో, లేకపోతే కుట్లు విప్పే పుల్లతో జాగ్రత్తగా తెంపు.

అల్లుడు పెంచే అసీల్ జాతి పుంజు గురించి. కాలికి నైలాన్ తాడు కట్టి గూటానికి కట్టేయడం వెంటనే మానమని చెప్పు. అది ఎగిరి లాగిన ప్రతిసారీ తాడు కోస్తుంది, ఆ కోత చాలు చీము పట్టడానికి. కట్టక తప్పదంటే వెడల్పాటి మెత్తని గుడ్డపట్టీ కట్టి, రోజుకో కాలు మార్చాలి. నన్నడిగితే దానికి విడిగా ఒక చిన్న దొడ్డి కట్టడమే నయం. సంతలో కొన్న కోళ్లు కూడా కాళ్లు కట్టేసి, తలకిందులుగా వేలాడుతూ వస్తాయి. అలా తెచ్చినదాన్ని మిగతా వాటితో కలిపే ముందు కాళ్లు రెండూ చూసి, కొన్ని వారాలు వేరుగా ఉంచు.

రాత్రి పడుకునే కర్ర చూశాను, అది ఇనుప పైపు. సన్నగా, గుండ్రంగా, జారుతూ ఉంటుంది. బరువంతా అరికాలి మధ్యలో ఒకే చోట పడుతుంది. రెండంగుళాలకు తక్కువ కాని వెడల్పున్న చెక్క వేయించి, అంచులు గరుకు కాగితంతో గుండ్రం చేయించు. చేతితో తడిమి చూడు, పేళ్లు గుచ్చుకోకూడదు. ఎత్తు నేలనుంచి ఒకటిన్నర రెండు అడుగులు దాటనివ్వకు. నాటుకోడి చెట్టెక్కి దూకినా తట్టుకుంటుంది, గిరిరాజ, వనరాజ జాతి పెట్టలు మాత్రం బరువు. పైనుంచి గచ్చు మీదికి దూకితే ఆ దెబ్బ అరికాలిదే. దూకే చోట శెనక్కాయ పొట్టు గానీ, వరి ఊక గానీ నాలుగంగుళాల మందాన వేయి. కింద ఇనుప జాలీ ఉన్న గూడైతే ఒక పక్కన చెక్క పరిచి పెట్టు.

తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎలా పడతాయో నీకు చెప్పక్కర్లేదు. అప్పుడే ఈ పుండ్లు ఎక్కువ. తడిసిన పొట్టులో రెట్ట కలిసి ఘాటైన అమ్మోనియా పుడుతుంది, అది నానిన చర్మాన్ని కాలుస్తుంది. గూట్లోకి వంగితే నీ కళ్లు మండాయంటే పొట్టు మార్చే టైమ్ దాటిపోయిందన్నమాట. తడి అయ్యేది ఎక్కువగా నీళ్ల గిన్నె చుట్టూనే, గిన్నెను ఒక ఇటుక మీద పెట్టు. తడిసినంత మేర తీసేసి పొడిది వేయి. సున్నం చల్లే అలవాటుంటే ఆరిన పొట్టులో కొద్దిగా కలిపి తిరగేయాలి, తడి మీద గుమ్మరిస్తే అది కూడా కాళ్లను కాలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీదికి మాత్రం పగటిపూట వదలకు, ఆ సిమెంటు మీద మనమే చెప్పుల్లేకుండా నిలబడలేం.

తిండిలో నూకలూ, మిగిలిన సంగటీ మాత్రమే వేస్తుంటే విటమిన్ ఎ తగ్గి చర్మం తొందరగా చిట్లుతుంది. మునగాకు, తోటకూర రోజూ వేయి.

నల్లపుంజు కాళ్ల మీద పొలుసులు పైకి లేచి, సున్నం పూసినట్టు తెల్లగా పొక్కులు కట్టాయన్నావు. అది వేరే జబ్బు. కంటికి కనిపించని పురుగు పొలుసుల కిందికి తొలుచుకుని పోతుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, కొబ్బరినూనె గానీ వ్యాజిలైన్ గానీ దట్టంగా పట్టించు. కొన్ని వారాలు చేయాలి, కోళ్లన్నిటికీ చేయాలి, కర్రలు కూడా కడగాలి. పొక్కులు పీకకు. కిరోసిన్ వద్దు, ఎవరు చెప్పినా వద్దు.

కాలికి పుండేమీ లేకుండా ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి పడిపోయిందంటే, అది నరాల జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా చూపించు. ఎర్రపెట్ట వాపు రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, వేళ్ల మధ్యకూ పైకీ పాకినా, మేత మానేసినా అంతే. నీకు తిరుపతిలో వెటర్నరీ కాలేజీ దగ్గర్లోనే ఉంది, 1955 నుంచి ఉన్న కాలేజీ. అక్కడి ఆసుపత్రికి గంపలో పెట్టుకుని తీసుకెళ్లు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు నువ్వు సొంతంగా వేయకు. డాక్టరు మందు ఇస్తే, ఎన్ని రోజులు దాని గుడ్లు తినకూడదో అక్కడే అడిగి చీటీ మీద రాయించుకో. అన్ని రోజులూ ఆ గుడ్లు పిల్లలకు పెట్టకు, పక్కింటికీ ఇవ్వకు.

శెనక్కాయ పొట్టు ఒక బస్తా ఎత్తిపెట్టాం. ఆదివారం మీ పెదనాన్న తిరుచానూరు వస్తున్నారు, ఆయన చేత పంపిస్తాను. అప్పటికి ఆ పైపు పీకేసి ఉంచండి.

ఉంటాను,
పెద్దమ్మ