ఉత్తరం ఢిల్లీకి పోయింది, బండి మొగల్తూరులో ఉంది

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు పాత విదేశీ ఎస్‌యూవీల గురించే. మొదటిది చదివాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే దానికి చోటు ఎక్కువిస్తున్నాను. ఎవరి పేర్లూ, వాళ్ల బళ్ల కంపెనీల పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది మొగల్తూరు దగ్గర. రొయ్యల చెరువులు చేస్తాం. కిందటి దసరాకి సెకండ్ హ్యాండ్ కార్ల మార్టులో 2013 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. ఢిల్లీ బండి. నేను మూడో ఓనర్ని. పదమూడు లక్షల ఇరవై వేలు పడింది. పొద్దున్నే మొదటిసారి బ్రేకు తొక్కితే రాయిని తొక్కినట్టుంటోంది. తొక్కినప్పుడల్లా లోపల బుస్సుమని చప్పుడు. ఎయిర్‌బ్యాగ్ లైటు వాన పడితే వెలుగుతుంది, ఎండ కాస్తే ఆరిపోతుంది. కంపెనీ షోరూముకి తీసుకెళ్తే కంప్యూటర్లో చూసి, "ఎడమ పక్క ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ రీకాల్ పెండింగులో ఉందండి, సామాను వచ్చాక ఫోన్ చేస్తాం" అన్నారు. రీకాల్ అంటే లోపమున్న బళ్లను కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడమట. నాలుగు నెలలైంది, ఫోన్ లేదు. బ్రేకు మాత్రం రీకాల్‌లో లేదట, లక్షా పదివేలు అవుతుందన్నారు. మార్టువాళ్లేమో "ఉన్నది ఉన్నట్టుగా కొన్నారు, సంతకం పెట్టారు" అంటున్నారు. మా ఊరి మెకానిక్ ఆ లైటు వైరు పీకేస్తే గొడవ ఉండదంటున్నాడు. మా ఆవిడ పిల్లల్ని ఆ బండి ఎక్కనివ్వడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడగారి మాట వినండి. బండిని ఇవాళే షెడ్డులో పెట్టి తాళం చెవి ఆవిడకే ఇచ్చేయండి. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు బ్రేకు.

మీరు రాసిన రెండు గుర్తులూ, పెడలు గట్టిపడటం, బుస్సుమనడం, కలిపి చూస్తే నా అనుమానమంతా బ్రేకు బూస్టరు మీదే. పెడలు వెనక పెద్ద పళ్లెంలా ఉంటుంది చూడండి, అదే. మనం కాలితో పెట్టే బలాన్ని వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ, సాయంతో ఎన్నో రెట్లు పెంచి బ్రేకుకి అందించేది అదే. డీజిల్ బళ్లలో ఆ వాక్యూమ్ కోసం వేరే పంపు ఉంటుంది. పంపు బలహీనపడితే వాక్యూమ్ చాలదు. గొట్టం చిట్లినా, బూస్టరుకి చిల్లు పడినా గాలి లోపలికి చొరబడుతుంది. ఆ చొరబడే గాలి చప్పుడే మీ బుస్సు. ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయండి. ఇంజన్ ఆపి, పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే అదిమిపెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడలు కాలి కింద కాస్త కుంగాలి. కుంగలేదా, సాయం అందడం లేదన్నమాట. అలాంటి బండిలో బ్రేకు పడకపోదు గానీ, చించినాడ వంతెన దిగుతూ ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చినప్పుడు మీ కాలి బలం ఒక్కటీ రెండున్నర టన్నుల బండిని ఆపలేదు.

ఈ జబ్బు లోకానికి కొత్త కాదు. మీ బండి కంపెనీ వేరు కాబట్టి ఈ సంగతి పేరుతోనే చెబుతాను. 2022లో మెర్సిడెస్ 2004 నుంచి 2015 దాకా తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ బళ్లను ప్రపంచమంతటా దాదాపు 10 లక్షలు వెనక్కి పిలిచింది. బూస్టరు మీదుండే రబ్బరు తొడుగు కింద తడి నిలిచి, రేకు తుప్పుపట్టి, గాలి లీకవడమే కారణం. ఆ తొడుగు తీసి, కింద రేకు చూసి, బాగా తిన్నదైతే బూస్టరే మార్చమన్నారు. అమెరికాలో అయితే తనిఖీ అయ్యేదాకా బండి తోలవద్దనే చెప్పారు. అంత పెద్ద కంపెనీ బండికే తుప్పు అంత పని చేసిందంటే, మీరు పొద్దస్తమానం చెరువు గట్ల మీద, ఉప్పునీటి కాలవల పక్కన తిప్పే బండి సంగతి ఆలోచించండి. పేరుపాలెం గాలికి మన కిటికీ ఊచలే నాలుగేళ్లకి పొరలు పొరలుగా లేచిపోతాయి కదండీ. ఇంకొక్క మాట. మీ వైపు చాలామంది బండి అడుగుభాగం బోరు నీళ్లతో కడుగుతారు. ఆ బోరు నీళ్లలోనే ఉప్పుంది. కడిగితే మంచినీటి కాలవ నీళ్లతోనో, పంచాయతీ కుళాయి నీళ్లతోనో కడగండి.

షోరూమువాళ్లు లక్షా పదివేలన్నది ఏయే భాగాలకో విడివిడిగా రాసిమ్మనండి. గొట్టమూ, వాల్వూ అయితే అంత కాదు. వాక్యూమ్ గేజి పెట్టి పంపూ, గొట్టమూ, బూస్టరూ విడివిడిగా చూసి, తప్పు ఎక్కడుందో తేల్చాకే చేయి వేయనివ్వండి. షోరూముకి తోలుకుపోవద్దు. టోయింగ్ బండి మీద ఎక్కించి పంపండి. ఆ ఖర్చుకి వెనకాడకండి.

ఇక ఎయిర్‌బ్యాగ్. ఇక్కడ మీరు రెండు వేరువేరు సంగతుల్ని ఒకటిగా చూస్తున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. వానకి వెలిగి ఎండకి ఆరే లైటు తడి తగిలిన కనెక్టరు పని అయ్యుండొచ్చు. ముందు సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఉంటుంది, ముందు దాన్ని చూడమనండి. లైటు వెలుగుతున్నంతసేపు ఆ ఎయిర్‌బ్యాగ్ గుద్దుకున్నప్పుడు విచ్చుకుంటుందన్న నమ్మకం లేదు. వైరు పీకితే లైటు ఆరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది, పైగా ఇక మీకు చెప్పేవాళ్లుండరు. మా పాలిటెక్నిక్‌లో చదివిన కుర్రాడొకడు పాలకొల్లు దగ్గర షెడ్డు పెట్టుకున్నాడు. చేతి నైపుణ్యం ఉన్నవాడే. ఒకరోజు హారను బాగుచేద్దామని బ్యాటరీ విప్పకుండా స్టీరింగు మీద చేయి వేశాడు. ఎయిర్‌బ్యాగ్ పేలి రెండు వేళ్లు విరిగాయి. ఆ కట్టుతో నా దగ్గరకొచ్చి కూర్చున్న వాడి మొహం నాకింకా గుర్తుంది. బ్యాటరీ తీసి, లోపలి కరెంటు చచ్చేదాకా కాసేపు ఆగకుండా ఆ పనికి దిగకూడదు. మీ మెకానిక్‌కి ఈ మాట చదివి వినిపించండి.

రీకాల్‌లో ఉన్నది మాత్రం వేరు. దాన్ని ఏ లైటూ చూపించదు. మీ షోరూమువాళ్లు కారణం రాసివ్వలేదు కాబట్టి, ఆ కాలపు బళ్లలో ఎక్కువగా జరిగినది చెబుతాను. జపాన్‌లో తకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగులు చేసి లోకంలోని ఎన్నో కార్ల కంపెనీలకు అమ్మేది. సంచిని ఉబ్బించే గ్యాసు కోసం చిన్న లోహపు డబ్బాలో అమ్మోనియం నైట్రేట్ బిళ్లలు పెట్టేవారు. ఆ పదార్థం తడిని పీలుస్తుంది. వానాకాలంలో యూరియా బస్తా మూతి విప్పి వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి వేడీ తడీ తగిలి ఆ బిళ్లలు లోపలే పొడిపొడి అవుతాయి. బిళ్ల అయితే నెమ్మదిగా మండేది, పొడి అయితే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ ఒత్తిడికి డబ్బాయే పగిలి, ముక్కలు సంచిని చీల్చుకుని మనిషి మెడకీ మొహానికీ తగులుతాయి. ఒక్క అమెరికాలోనే 6.7 కోట్ల డబ్బాలు వెనక్కి పిలిచారు. 2017 జూన్‌లో ఆ కంపెనీ దివాలా తీసింది. కాపాడాల్సిన వస్తువే ఎంతోమంది ప్రాణాలు తీసింది.

అమెరికావాళ్లు ఆ డబ్బాలు మార్చడంలో ముందు వంతు ఎవరికిచ్చారో చూడండి. ఫ్లోరిడాకీ, ఆ దక్షిణ సముద్రతీరపు రాష్ట్రాలకీ. చలిదేశాల్లో చాలా ఏళ్లు నిలిచేది అక్కడ త్వరగా పాడవుతుందని తేలింది. మన కోనసీమలో, నరసాపురం తీరంలో జూన్ నుంచి నవంబరు దాకా ఉతికిన బట్టే ఆరదు. ఎండలో పెట్టిన కారు లోపల చేయి పెట్టలేం. ఇంతకన్నా వేడీ తడీ ఎక్కడుంటాయి? కాబట్టి "పన్నెండేళ్లలో ఏమీ కాలేదు కదా" అని ఎవరన్నా అంటే, ఏళ్లు గడిచేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుందే గానీ తగ్గదని చెప్పండి. కొత్త ఇన్‌ఫ్లేటరు, అంటే ఆ గ్యాసు డబ్బా, పడేదాకా ఎడమ పక్క ముందు సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వకండి.

మరి ఇన్నాళ్లూ మీకెందుకు తెలియలేదు? నాకు కోపం తెప్పించేది ఇదే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. దాంతో పదేళ్లు దగ్గరపడిన ఖరీదైన డీజిల్ బళ్లు చవకగా మన వైపు దిగాయి. రీకాల్ ఉత్తరం మాత్రం కంపెనీ పుస్తకంలో ఉన్న మొదటి ఓనరు చిరునామాకే పోతుంది. ఆయన ఎప్పుడో బండి అమ్మేశాడు, ఉత్తరం చెత్తబుట్టలో పడింది. చేతులు మారిన ప్రతిసారీ ఆ సమాచారం రాలిపోతూ వచ్చింది. కానీ రీకాల్ మనిషికి కాదు, ఛాసిస్ నంబరుకి. మూడో ఓనరైనా, ఆరో ఓనరైనా ఆ పని కంపెనీ ఉచితంగా చేయాల్సిందే. ముందు ఆర్‌సి మీ పేర మార్పించుకున్నారో లేదో చూసుకోండి. ఆర్‌సి నకలు, మీ ఫోను నంబరు, చిరునామా షోరూముకిచ్చి వాళ్ల రికార్డులో మీ పేరు ఎక్కించమనండి. నోటిమాట చాలదు. షోరూముకి కాదు, ఇండియాలో ఉన్న కంపెనీ ప్రధాన కార్యాలయానికి ఛాసిస్ నంబరు వేసి ఈమెయిలు పెట్టండి. సామాను ఎప్పుడొస్తుంది, అప్పటిదాకా ఏం ఏర్పాటు చేస్తారు అని అడగండి. జవాబు రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

బ్రేకు సంగతి రీకాల్‌లో లేదు కాబట్టి ప్రభుత్వానికి ఫిర్యాదు చేద్దామంటే ఒక చిక్కుంది. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక మోడల్ మీద తగినన్ని ఫిర్యాదులు వస్తే ప్రభుత్వమే కంపెనీ చేత రీకాల్ చేయించవచ్చు. వాహన్ పోర్టల్లో అందుకు చోటుంది. అయితే అది ఏడేళ్ల లోపు బళ్లకే. మీది ఎప్పుడో దాటింది. పాత బళ్లు కొనేది మనలాంటివాళ్లే, తుప్పు తినేసేదీ పాత బళ్లనే. ఆ ఏడేళ్ల గీత సముద్రతీరానికైనా సడలించాలని నా గట్టి అభిప్రాయం.

మార్టు విషయం. "ఉన్నది ఉన్నట్టు" కాగితం చూసి ఆగిపోకండి. రీకాల్ పెండింగులో ఉందని తెలిసి దాచారని చూపగలిగితే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు మీకు మాట ఉంది. ఫిర్యాదుకి కారణం పుట్టిన రెండేళ్ల లోపు వెళ్లాలి. కొన్న బిల్లు, ప్రకటన ఫోటో, వాట్సాప్ మాటలు, షోరూములో తీసిన పెండింగు కాగితం అన్నీ ఒక ఫైల్లో పెట్టి వకీలుగారికి చూపించండి. డబ్బంతా తిరిగొస్తుందని నేను ఆశపెట్టను. బ్రేకు ఖర్చులో భాగం రావచ్చు.

ప్రశ్న: మాస్టారూ, మాది రావులపాలెం. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, హైదరాబాదులో వాడిన పెద్ద కారు మాకిస్తానంటున్నారు. సొంతవాళ్లని "రీకాల్ ఉందా, వరదలో మునిగిందా" అని ఎలా అడగాలి? మావారు మొహమాటపడుతున్నారు.

జవాబు: అమ్మా, అన్నయ్యగారిని ఏమీ అడగక్కర్లేదు. ఇన్సూరెన్సు రేటు కనుక్కోవాలని చెప్పి ఆర్‌సి ఫోటో తెప్పించుకోండి. అందులో ఛాసిస్ నంబరు ఉంటుంది, 17 అక్షరాలూ అంకెలూ కలిపి. చాలా కంపెనీల సైట్లలో ఆ నంబరు కొడితే మిగిలిపోయిన రీకాల్ పనులు కనిపిస్తాయి. లేదంటే షోరూముకి ఫోన్ చేసి చదవండి. బండి దగ్గరకెళ్లినప్పుడు అద్దం కింద మూలనున్న నంబరూ, ఆర్‌సిలోదీ ఒకటేనా అని సరిచూడండి.

వరద సంగతి కూడా బండే చెబుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో ఎన్ని కార్లు మునిగాయో టీవీల్లో చూశాం. సీటు బెల్టు చివరిదాకా లాగండి. పైన శుభ్రంగా ఉండి చివర్న బురద చార కనిపిస్తే ఆ కారు వద్దు. స్టెప్నీ గుంటలో చేయి పెట్టి ఇసక ఉందేమో తడమండి. సీటు బోల్టుల తుప్పు చూడండి. ఇంత పట్టింపు ఎందుకంటే, ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు విచ్చుకోవాలో నిర్ణయించే కంప్యూటరు పెట్టె చాలా బళ్లలో గేరు కింద, నేలమీదే ఉంటుంది. నీళ్లు ముందు దాన్నే తడుపుతాయి. బయటకి తళతళలాడే కారులో ఆ పెట్టె లోపల పచ్చగా చిలుము పట్టి ఉండటం నేను కళ్లారా చూశాను.

ప్రశ్న: సార్, నేను డ్రైవర్ని. మా అయ్యగారి పాత ఎస్‌యూవీ గేరు లివరు ఎటు తోసినా మళ్లీ మధ్యలోకే వచ్చేస్తుంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బళ్లను దాటించే పడవ) మీద గోదావరి దాటేటప్పుడు పి (పార్కింగ్) లో పెట్టి దిగాను. బండి అర అడుగు జరిగింది. జనం కేకలేశారు. బండిలో లోపమా, నాదా?

జవాబు: మీ తప్పనుకుని బాధపడకండి. అలాంటి లివరు చేతికి ఏ గేరులో ఉందో తెలియనివ్వదు. ఇలాంటి లివరు మీదే 2016లో ఫియట్ క్రైస్లర్ కంపెనీ జీప్ గ్రాండ్ చెరోకీ సహా ప్రపంచవ్యాప్తంగా 11 లక్షల బళ్లు వెనక్కి పిలిచింది. పి లో ఉందనుకుని దిగిన మనుషుల మీదికే బళ్లు దొర్లాయి. మీ బండి ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందేమో అయ్యగారి చేత షోరూములో అడిగించండి.

ఈలోగా పంటు ఎక్కగానే బ్రేకు మీద కాలు తీయకుండా మీటర్లో పి అక్షరం కళ్లతో చూడండి. హ్యాండ్ బ్రేకు వేయండి, ఇంజన్ ఆపండి, అప్పుడు కాలు తీయండి. డిక్కీలో రెండు చెక్క ముక్కలు ఉంచుకుని చక్రానికి ముందొకటి, వెనకొకటి పెట్టండి. వశిష్ఠ గోదావరి దాటేదాకా బండికి ముందు గానీ వెనక గానీ ఎవర్నీ నిలబడనివ్వకండి, ముఖ్యంగా సైకిళ్లు పట్టుకున్న బడిపిల్లల్ని.