జిల్లా వార్తకు డబ్బు ఎవరు కట్టాలి?

చందాల మీద ఆధారపడి జిల్లా స్థాయిలో ఒక వార్తా సైటును నడపడం సాధ్యమేనా, లేక ప్రకటనలే దిక్కా అని మీరు అడిగారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక దినపత్రికకు మండల విలేకరిగా కొన్నేళ్లు పనిచేసి, ఆ తర్వాత హనుమకొండలో మిత్రులతో కలిసి ఒక చిన్న సైటును నడిపినవాడిగా నా సమాధానం ఇది: సాధ్యమే, అయితే పాఠకుడు దేనికి డబ్బు కడతాడో, దేనికి కట్టడో ముందుగా తేల్చుకోవాలి.

అచ్చు పత్రికల కాలంలోనూ పాఠకుడు ఇచ్చిన ధరతో పత్రికలు నడవలేదు. కాగితం, ముద్రణ, ఏజెంటు కమీషను పోను ఆ ధరలో మిగిలేది ఏమీ ఉండదు గనుక భారమంతా ప్రకటనలే మోశాయి. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లను ప్రారంభించాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి, ఊళ్లోని బట్టల దుకాణం కూడా ప్రకటన ఇవ్వగలిగింది, మండలానికొక విలేకరి వచ్చాడు. కాని ఆ విలేకరికి జీతం మాత్రం రాలేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ కింద చేతికొచ్చేది పెట్రోలుకే చాలేది కాదు, దసరాకూ ఉగాదికీ పత్రిక వార్షికోత్సవానికీ ప్రకటనల టార్గెట్ మాత్రం తప్పేది కాదు. ఏ కాంట్రాక్టరు వేసిన సీసీ రోడ్డు ఏడాదికే పగిలిందని రాయాలో, ఆ కాంట్రాక్టరు దగ్గరికే శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లి కూర్చోవలసి వచ్చేది. అటువంటప్పుడు పగుళ్ల వార్త ఎంత సూటిగా వస్తుందో మీరే ఊహించవచ్చు.

డిజిటల్ కాలం ఈ చిక్కును తీర్చలేదు, ఇంకా బిగించింది. ఆ బట్టల దుకాణం ప్రకటన ఇప్పుడు ఫేస్‌బుక్‌కు వెళ్తోంది. సైట్లలో ప్రకటనలు చూపి వాటి యజమానులకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగు సైట్లకూ అందుబాటులోకి వచ్చింది, కాని అక్కడ ఆదాయమంతా వీక్షణలను బట్టి ఉంటుంది. పర్వతగిరి చెరువు పూడికతీత వార్తను పర్వతగిరివాళ్లే చదువుతారు కాబట్టి, వీక్షణల వెంట పడిన సైటు చివరికి సినిమా కబుర్లలో తేలుతుంది. న్యూయార్క్ టైమ్స్ 2011లో చందా గోడ కట్టి, అంటే చందా కట్టినవారికే వార్తలు చదవనిచ్చే పద్ధతి పెట్టి, నిలబడిందని చెబుతారు, కాని దాని పాఠకులు ప్రపంచమంతటా ఉన్నారు.

మా దగ్గర ఆ గోడ ఎందుకు నిలవదో వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ చూస్తే తెలుస్తుంది. తేజ రకం మిర్చికి జెండా పాట, అంటే ఆ రోజు గరిష్ఠ ధరను తేల్చే వేలం, ఎంత పలికిందో పాట ముగిసీ ముగియకముందే ఊరూరి వాట్సాప్ గ్రూపుల్లోకి చేరిపోతుంది. దానికి ఎవరూ రూపాయి కట్టరు, కట్టనవసరమూ లేదు. అయితే జెండా పాట ఒక ధర పలికితే రైతు బస్తాలకు అంతకన్నా తక్కువ ఎందుకు పడిందో, తేమ పేరుతో, రంగు పేరుతో కోత ఎక్కడ పడుతోందో యార్డులో నిలబడి అడిగి రాసిన కథనానికి వచ్చిన స్పందన వేరు. మీకు డబ్బు ఎలా పంపాలి అని చదివినవాళ్లే అడిగారు. అందుకే వార్తను అందరికీ తెరిచి ఉంచి, ఈ పని ఆగకూడదనుకునేవాళ్లను మాత్రమే సాయం అడగడం మేలని నాకు తోచింది. బ్రిటన్ పత్రిక గార్డియన్ చేస్తున్నది దాదాపు ఇదే. మన దేశంలో 2012లో మొదలైన న్యూస్‌లాండ్రీ కూడా ప్రకటనలు వద్దనుకుని పాఠకుల చందాలనే నమ్ముకుంది.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 600 రూపాయల చొప్పున 1,000 మంది కడితే 6 లక్షలవుతుంది. ఇద్దరు విలేకరులకు నెలకు 20 వేల చొప్పున 4.8 లక్షలు పోగా మిగిలిన 1.2 లక్షల్లో ప్రయాణాలు, సర్వర్ ఖర్చు సర్దుకోవాలి. ఇది పెద్ద జీతమేమీ కాదు, కాని ఎవరి శుభాకాంక్షల ప్రకటన కోసమూ తిరగనక్కరలేని జీతం. మా అనుభవంలో ఊళ్లో ఉన్నవారికంటే ఊరు విడిచి హైదరాబాదులో, విదేశాల్లో స్థిరపడినవారూ, రిటైరైన ఉపాధ్యాయులూ ఎక్కువగా ముందుకొచ్చారు. ఇక్కడొక జాగ్రత్త అవసరం: వార్తలు అందించే సంస్థలు విదేశీ విరాళాలు తీసుకోకూడదని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) చెబుతోంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళమే అవుతుంది.

ప్రభుత్వం ప్రకటనలిచ్చి ఆదుకోవాలనేవారితో నేను ఏకీభవించను. కారణం పైన కాంట్రాక్టరు విషయంలో చెప్పిందే. వార్తలకు డబ్బు టెక్ సంస్థల చేత కట్టించడానికి ఆస్ట్రేలియా 2021లో చట్టం చేసింది, కెనడా 2023లో చేసింది. దాంతో ఫేస్‌బుక్ యజమాని మెటా కెనడాలో తన వేదికల నుంచి వార్తలనే తీసేసింది. ఇక ఆదాయం చూసుకోకుండా త్యాగంతో నడపడం సంగతి. ఒద్దిరాజు సోదరులు 1922లో ఇనుగుర్తి వంటి పల్లెలో సొంత ముద్రణాలయం పెట్టి తెనుగు పత్రికను నడిపారు. ఆ పూనికకు నమస్కరిస్తాను, కాని వ్యక్తుల త్యాగం మీద నిలిచే ఏర్పాటును ఇవాళ ఇంటి అద్దె కట్టుకోవలసిన కుర్రవాడికి సిఫారసు చేయలేను.

మీరు ఇంకా మొదలుపెట్టకపోతే, కార్పొరేషన్ టెండర్లనో, మార్కెట్ యార్డునో, ఏదో ఒక్క రంగాన్ని ఎంచుకుని, ఒక విలేకరి ఏడాది జీతానికి సరిపడా చందా హామీలు ముందే సేకరించండి. డచ్ సంస్థ డి కరెస్పాండెంట్ 2013లో ఇలాగే డబ్బు కూడగట్టాకే ప్రచురణ ప్రారంభించింది. రైతులను అడిగేటట్లయితే మిర్చి డబ్బు చేతికొచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో అడగండి. వచ్చిన ప్రతి రూపాయి దేనికి ఖర్చయిందో నెలనెలా సైటులోనే పెట్టండి. హామీలు అందేవరకు స్టూడియోకు, కెమెరాలకు అప్పు చేయకండి.